మధుమేహ గర్భిణులకు రెటీనా పరీక్ష: మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతం

నిర్వచనం

మధుమేహం ఉన్న స్త్రీ గర్భవతి అయినప్పుడు, చూపులో ఏ ఇబ్బందీ లేకపోయినా, కంటి లోపలి వెనుక పొర అయిన రెటీనాను నిర్ణీత వారాల్లో పరీక్షించి మధుమేహ రెటినోపతి ఉందో లేదో, ఉంటే ఏ దశలో ఉందో తేల్చే ఏర్పాటును గర్భిణుల మధుమేహ నేత్ర పరీక్ష అంటారు. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉండడం వల్ల రెటీనాలోని సన్నని రక్తనాళాలు దెబ్బతినడమే మధుమేహ రెటినోపతి. నాళాల గోడలు ఉబ్బుతాయి, కారుతాయి, కొన్నిచోట్ల మూసుకుపోతాయి. ముదిరితే కొత్త నాళాలు మొలిచి, పగిలి, కంటి లోపల రక్తం చిమ్ముతుంది.

కళ్లజోడు కోసం చేసే పరీక్షకూ దీనికీ సంబంధం లేదు. అక్షరాల పట్టికలో చివరి వరుస దాకా తడుముకోకుండా చదివిన మనిషి రెటీనాలో కూడా చూపు పోగొట్టగల జబ్బు ఉండవచ్చు. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, నీరు కారదు. మామూలు మధుమేహ రోగికి ఏడాదికి ఒకసారి రెటీనా పరీక్ష సరిపోతుంది. గర్భిణికి తొమ్మిది నెలల్లోనే రెండు మూడు సార్లు చేయవలసి వస్తుంది. ఆ వారాల లెక్కే ఈ విషయంలో అన్నిటికన్నా ముఖ్యం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో ఆ లెక్క తప్పడానికి వీలున్న చోట్లు ఏవో ఈ వ్యాసం చివరి భాగాల్లో వివరంగా ఉంది.

ఎవరికి అవసరం, ఎవరికి కాదు

గర్భిణుల్లో అధిక చక్కెర ప్రధానంగా రెండు రకాలు. గర్భానికి ముందే ఉన్న టైప్ 1 లేదా టైప్ 2 మధుమేహం మొదటిది. గర్భంలోనే, ఎక్కువగా ఐదారు నెలల్లో, మాయ నుంచి వచ్చే హార్మోన్ల ప్రభావంతో బయటపడే గర్భకాల మధుమేహం రెండోది. ఊళ్లలో రెంటినీ ‘షుగరు వచ్చింది’ అనే అంటారు. ఆసుపత్రి చీటీ మీద కూడా చాలాసార్లు అంతే రాసి ఉంటుంది. రెటీనా పరీక్షకు మాత్రం ఈ తేడా కీలకం.

రెటినోపతి రావడానికి ఏళ్లు పడుతుంది. ఐదారు నెలల్లో మొదలై కాన్పుతో తగ్గిపోయే గర్భకాల మధుమేహంలో రెటీనా దెబ్బతినేంత వ్యవధి ఉండదు. అందువల్ల అంతర్జాతీయ మార్గదర్శకాలు వీరికి మామూలుగా రెటీనా పరీక్షను సూచించవు. ముందే మధుమేహం ఉన్నవారికి మాత్రం తప్పనిసరి అంటాయి.

ఈ రెంటి నడుమ మూడో వర్గం ఒకటి ఉంది. మన గ్రామాల్లో జాగ్రత్త పడవలసింది దీని దగ్గరే. గర్భం రాకముందు ఎన్నడూ రక్తపరీక్ష చేయించుకోని స్త్రీకి, మొదటి మూడు నెలల్లోనే పరగడుపు చక్కెర 126 మి.గ్రా. లేదా అంతకు మించి ఉన్నా, మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం లేదా ఆ పైన ఉన్నా, అది గర్భం తెచ్చిన షుగరు కాదు. అంతకుముందు నుంచే తెలియకుండా ఉన్న టైప్ 2 మధుమేహం అయి ఉండే అవకాశమే ఎక్కువ. ఎన్నేళ్ల నుంచి ఉందో ఎవరికీ తెలియదు కాబట్టి ఈమెకు రెటీనా పరీక్ష చేయించాలి. చీటీలో ‘గర్భకాల మధుమేహం’ అని రాసి వదిలేస్తే ఈమె జాబితాలోంచి జారిపోతుంది.

చరిత్ర

రెటీనాను బతికి ఉన్న మనిషి కంట్లో చూడడం 1851లో హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ ఆఫ్తాల్మోస్కోపును రూపొందించాకే సాధ్యమైంది. ఆ దశాబ్దంలోనే వియన్నా వైద్యుడు ఎడ్వర్డ్ యేగర్ మధుమేహ రోగి రెటీనాలో మార్పులను వర్ణించాడు. 1921–22లో టొరంటోలో ఇన్సులిన్ కనుగొనేదాకా మధుమేహం ఉన్న స్త్రీకి గర్భం నిలవడం, కాన్పు దాకా తల్లి బతకడం అరుదు. ఇన్సులిన్ వచ్చాక ఈ స్త్రీలు తల్లులయ్యే వయసు దాకా బతికారు. అప్పుడే గర్భంలో రెటినోపతి ముదరడం వైద్యుల కంటబడింది.

బోస్టన్‌లోని జోస్లిన్ క్లినిక్ వైద్యురాలు ప్రిసిల్లా వైట్ 1949లో మధుమేహ గర్భిణులను తరగతులుగా విభజించింది. కొత్త రక్తనాళాలు మొలిచిన రెటినోపతికి ‘ఆర్’ అనే ప్రత్యేక తరగతి తర్వాత అందులో చేరింది. అప్పట్లో ఆ తరగతి స్త్రీలకు గర్భం వద్దని చెప్పడం, వచ్చిన గర్భాన్ని తీసేయించుకోమనడం మామూలుగా ఉండేది. ఈ పరిస్థితిని మార్చింది లేజర్. లేజర్ చికిత్స తీవ్ర చూపు నష్టాన్ని సగానికి పైగా తగ్గిస్తుందని 1976లో అమెరికాలోని డయాబెటిక్ రెటినోపతి స్టడీ తేల్చింది.

గర్భం వల్ల రెటినోపతి నిజంగా ముదురుతుందా, లేక మధుమేహం పాతబడడం వల్లేనా అన్న ప్రశ్నకు 1990ల్లో స్పష్టమైన జవాబు దొరికింది. 1995లో వెలువడిన ‘డయాబెటిస్ ఇన్ ఎర్లీ ప్రెగ్నెన్సీ’ అధ్యయనం టైప్ 1 మధుమేహ గర్భిణులను గమనించింది. మొదట్లో రెటినోపతి లేనివారిలో సుమారు 10 శాతం మందికే మార్పు వచ్చింది. మొదట్లోనే మధ్యస్థ లేదా తీవ్ర దశలో ఉన్నవారిలో దాదాపు 55 శాతం మందికి జబ్బు ముదిరింది. టైప్ 1 మధుమేహంలో చక్కెర అదుపుపై జరిగిన డీసీసీటీ అధ్యయనం నుంచి 2000లో వచ్చిన విశ్లేషణ, గర్భం లేని స్త్రీలతో పోలిస్తే గర్భిణుల్లో రెటినోపతి ముదిరే అవకాశం ఎక్కువనీ, ఆ ప్రభావం కాన్పు అయ్యాక మొదటి ఏడాది దాకా కొనసాగుతుందనీ చూపింది.

భారతదేశంలో ఈ చరిత్ర రెండు వేర్వేరు దారుల్లో సాగింది. గర్భిణుల చక్కెర పరీక్ష ఒక దారి. చెన్నై వైద్యుడు వి. శేషయ్య బృందం ప్రచారంలోకి తెచ్చిన ఒక్క పరీక్ష పద్ధతిని కేంద్ర ప్రభుత్వం తన మార్గదర్శకాల్లోకి తీసుకుంది. భోజనం చేసి వచ్చినా చేయకుండా వచ్చినా 75 గ్రాముల గ్లూకోజు నీళ్లు తాగించి, రెండు గంటలకు రక్తం చూస్తారు. 140 మి.గ్రా. లేదా ఆ పైన ఉంటే గర్భకాల మధుమేహంగా లెక్క. పొద్దున్నే పరగడుపున బస్సెక్కి రాలేని పల్లె స్త్రీలకు ఇది ఎంతో అనువైన పద్ధతి. మొదటి పరీక్ష పేరు నమోదైనప్పుడు, రెండోది 24–28 వారాల మధ్య. రెండో దారి కంటి వైద్యానిది. 1976లో మొదలైన జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం చాలాకాలం శుక్లాల చుట్టూనే నడిచింది. మధుమేహ రెటినోపతి ఆ తర్వాతే అందులోకి వచ్చింది. గర్భిణి విషయంలో ఈ రెండు దారులూ ఒకే గదిలో కలవాలి.

గర్భంలో ఎందుకు ముదురుతుంది

కారణం ఒక్కటి కాదు. గర్భంలో గుండె పంపే రక్తం పరిమాణం దాదాపు 40 శాతం పెరుగుతుంది. ఆరోగ్యమైన రెటీనా నాళాలు తమంతట తాము సన్నబడి ఆ ఒత్తిడిని సర్దుకుంటాయి. మధుమేహంతో దెబ్బతిన్న నాళాలకు ఆ శక్తి తగ్గి ఉంటుంది కాబట్టి కారడం ఎక్కువవుతుంది. మాయ నుంచి, తల్లి శరీరం నుంచి వచ్చే పెరుగుదల కారకాలు, హార్మోన్లు కూడా నాళాలపై ప్రభావం చూపుతాయి.

రెండో కారణం చికిత్సలోనే ఉంది. గర్భం తెలియగానే బిడ్డ కోసం చక్కెరను గబగబా అదుపులోకి తెస్తారు. ఏళ్లుగా ఎక్కువగా ఉన్న చక్కెర కొద్ది వారాల్లోనే తగ్గితే అప్పటికే ఉన్న రెటినోపతి తాత్కాలికంగా ముదరవచ్చు. అలాగని చక్కెర తగ్గించడం ఆపకూడదు. బిడ్డకు వైకల్యాలు, గర్భస్రావం రాకుండా అది అత్యవసరం. కంటిని ముందే చూసి, ఆపైన దగ్గరగా గమనించడమే పరిష్కారం. గర్భం రాకముందే చక్కెరను మెల్లగా దారికి తెచ్చుకుని, రెటీనా చూపించుకుని, అవసరమైన లేజర్ చేయించుకున్నాక గర్భం దాల్చడం అన్నిటికన్నా మంచి మార్గం.

రక్తపోటు మూడోది. ముందే ఉన్న బీపీ గానీ, గర్భంలో బీపీ పెరిగే ప్రీఎక్లాంప్సియా గానీ రెటినోపతిని వేగంగా ముదిరిస్తాయి. నాలుగోది రక్తహీనత. హిమోగ్లోబిన్ తగ్గితే రెటీనాకు అందే ప్రాణవాయువు కూడా తగ్గుతుంది. మన రాష్ట్రంలో గర్భిణుల రక్తహీనత విస్తృతం కాబట్టి ఐరన్ మాత్రలు, అవసరమైతే ఐరన్ సూదులు ఈ స్త్రీలకు కంటి రక్షణలో కూడా భాగమే. వీటితోపాటు మధుమేహం వచ్చి ఎన్నేళ్లయింది, మూత్రపిండాలు దెబ్బతిన్నాయా అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి.

దశలు

2003లో అంతర్జాతీయంగా ఒప్పుకున్న వర్గీకరణ ప్రకారం రెటినోపతి లేకపోవడం, తక్కువ, మధ్యస్థ, తీవ్ర, కొత్త నాళాలు మొలిచిన దశ అని ఐదు మెట్లు. తక్కువ దశలో చిన్న ఎర్ర చుక్కల్లా కనిపించే నాళాల ఉబ్బులు మాత్రమే ఉంటాయి. తీవ్ర దశలో రెటీనా నాలుగు భాగాల్లోనూ రక్తపు మచ్చలు, సిరల్లో పూసల్లాంటి ఉబ్బులు కనిపిస్తాయి. చివరిది కొత్త నాళాలు మొలిచిన దశ. చూపు హఠాత్తుగా పోయేది దీనిలోనే.

మాక్యులా వాపును విడిగా లెక్కిస్తారు. చదవడానికి, ముఖాలు గుర్తుపట్టడానికి ఉపయోగపడే రెటీనా నడిభాగంలో ద్రవం చేరడమే ఇది. ఏ దశలోనైనా రావచ్చు. గర్భంలో వచ్చిన వాపు కాన్పు తర్వాత కొందరిలో దానంతటదే తగ్గుతుంది. చికిత్స నిర్ణయంలో ఈ సంగతికి విలువ ఉంది.

పరీక్ష ఎప్పుడు

బ్రిటన్‌లో నైస్ సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం, ముందే మధుమేహం ఉన్న గర్భిణికి మొదటి సందర్శన తర్వాత ఒకసారి, 28వ వారంలో మరోసారి రెటీనా ఫొటోలు తీయాలి. గత మూడు నెలల్లో పరీక్ష జరిగి ఉంటే మొదటిది మళ్లీ అక్కర్లేదు. మొదటిసారి రెటినోపతి కనిపిస్తే 16–20 వారాల మధ్య మరొకటి చేర్చాలి. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ గర్భానికి ముందు లేదా మొదటి మూడు నెలల్లో పరీక్ష చేసి, ఆపైన జబ్బు తీవ్రతను బట్టి మూడు నెలలకొకసారి, కాన్పు తర్వాత ఏడాది వరకు గమనించమంటుంది. తీవ్ర దశలో ఉన్నవారిని నెల, రెండు నెలల వ్యవధిలోనే చూస్తారు.

మన పల్లెల్లో గర్భిణి పేరు 12 వారాల్లోపు నమోదు కావాలన్నది ప్రభుత్వ లక్ష్యం. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద 2016 నుంచి ప్రతి నెల 9వ తేదీన వైద్యాధికారి గర్భిణులను పరీక్షిస్తారు. అధిక ప్రమాదం ఉన్నవారి కార్డు మీద ఎర్ర స్టిక్కరు అంటిస్తారు. మధుమేహ గర్భిణికి ఆ స్టిక్కరు పడినరోజే రెటీనా పరీక్షకు చీటీ రాసిస్తే మొదటి పరీక్ష సమయానికే అయిపోతుంది. కొత్త కార్యక్రమం అక్కర్లేదు, ఉన్న తేదీనే వాడుకోవచ్చు.

పరీక్ష ఎలా చేస్తారు

మొదట చూపు కొలుస్తారు. తర్వాత కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేస్తారు. గర్భిణులకు ట్రోపికమైడ్ చుక్కలు వాడతారు. నైస్ మార్గదర్శకం కూడా ఈ మందునే పేర్కొంది. ఫినైలెఫ్రిన్ రక్తపోటు పెంచగలదు కాబట్టి బీపీ ఉన్నవారికి దాన్ని తప్పిస్తారు. చుక్క వేశాక ముక్కు పక్కన కంటి మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కి ఉంచితే మందు గొంతులోకి, రక్తంలోకి పోవడం తగ్గుతుంది. కంటిపాప పెద్దదయ్యాక, రెటీనాను ఫొటో తీసే ఫండస్ కెమెరాతో ఒక్కో కంటికి రెండు ఫొటోలు తీస్తారు. ఒకటి మాక్యులా మధ్యకు, ఒకటి దృష్టినాడి మొదలుకు. తీసేందుకు పది నిమిషాలు చాలు. చుక్కల ప్రభావం వల్ల నాలుగు నుంచి ఆరు గంటలపాటు దగ్గరి వస్తువులు మసకగా ఉంటాయి, ఎండ పడదు. వచ్చేటప్పుడు తోడు ఎవరైనా ఉండాలి. బైకు నడపకూడదు.

చుక్కలు లేకుండా ఫొటో తీసే కెమెరాలు ఉన్నాయి. కొందరికి ఫొటో స్పష్టంగా రాదు. అలాంటప్పుడు ‘సరిగా రాలేదు’ అన్న ఫలితాన్ని ‘ఏమీ లేదు’ అని చదవకూడదు. మళ్లీ చుక్కలు వేసి తీయాలి, లేదా కంటి వైద్యుడి దగ్గరకు పంపాలి.

మాక్యులా వాపు అనుమానం ఉంటే ఓసీటీ స్కాను చేస్తారు. అది కాంతితో చేసేది కాబట్టి బిడ్డకు హాని లేదు. చేతి సిరలోకి రంగు మందు ఎక్కించి చేసే ఫ్లోరెసిన్ యాంజియోగ్రఫీని మాత్రం గర్భిణులకు వీలైనంతవరకు వాడరు. ఆ రంగు మాయను దాటుతుంది.

కొత్త కళ్లజోడు విషయం ఇక్కడే చెప్పాలి. గర్భంలో కంటి ముందు పొర మందం మారుతుంది. చక్కెర పైకీ కిందికీ ఊగినప్పుడు కంటి పవరు కూడా ఊగుతుంది. అత్యవసరమైతే తప్ప కొత్త అద్దాలను కాన్పు అయ్యి కొన్ని వారాలు గడిచాకే తీసుకోవడం మంచిది.

చికిత్స

తక్కువ, మధ్యస్థ దశల్లో చక్కెర, బీపీ, రక్తహీనతలను దారికి తేవడమే చికిత్స. తీవ్ర దశలోనూ, కొత్త నాళాలు మొలిచినప్పుడూ రెటీనా అంచులకు లేజర్ ఇస్తారు. చుక్కల మందుతో కన్ను మొద్దుబార్చి, కూర్చోబెట్టే చేసే పని ఇది. గర్భంలో ఏ నెలలోనైనా చేయవచ్చు. బిడ్డకు ప్రమాదం లేదు. గర్భిణి కాని స్త్రీకి కొంతకాలం ఆగి చూసే తీవ్ర దశలోనే గర్భిణికి లేజర్ ముందుగా ఇవ్వడానికి చాలామంది నిపుణులు మొగ్గు చూపుతారు.

మాక్యులా వాపుకు ఈ రోజుల్లో మామూలుగా వాడే బెవాసిజుమాబ్, రానిబిజుమాబ్, అఫ్లిబర్సెప్ట్ ఇంజెక్షన్లు గర్భంలో చిక్కుతో కూడినవి. కంటి నుంచి రక్తంలోకి కొంత చేరుతాయి. బిడ్డ నాళాలు పెరగడానికి అవసరమైన కారకాన్నే అవి అడ్డుకుంటాయి. అందుకే, ప్రత్యేకించి మొదటి మూడు నెలల్లో, వాటిని తప్పిస్తారు. తప్పనిసరైతే లాభనష్టాలు తల్లికి వివరంగా చెప్పి నిర్ణయిస్తారు. కంట్లోకి ఇచ్చే స్టెరాయిడు కొందరికి ప్రత్యామ్నాయం. సంతాన వయసులో ఉన్న మధుమేహ స్త్రీకి ఈ ఇంజెక్షన్లు ఇచ్చేముందు గర్భం గురించి అడగడం కంటి వైద్యుల బాధ్యత.

రెటినోపతి ఉందన్న ఒక్క కారణంతో ఆపరేషన్ కాన్పు అవసరం లేదు. మామూలు కాన్పుకు అది అడ్డు కాదని నైస్ స్పష్టంగా చెబుతోంది. కొత్త నాళాలు చికిత్స లేకుండా మిగిలి ఉంటే మాత్రం, నొప్పుల సమయంలో ముక్కినప్పుడు రక్తం చిమ్మే అవకాశం గురించి ప్రసూతి, కంటి వైద్యులు ముందే మాట్లాడుకుంటారు. ఆ మాట కాన్పు గదిలో కాకుండా ఎనిమిదో నెలలోనే జరగాలంటే 28వ వారం పరీక్ష సమయానికి అయి ఉండాలి.

కళ్లముందు హఠాత్తుగా నల్లటి పోగులు తేలడం, తెర దిగినట్లు కనిపించడం, ఒక కంటి చూపు మసకబారడం జరిగితే అదే రోజు వెళ్లాలి. ఏడో నెల దాటాక తలనొప్పి, ముఖం వాపు, మెరుపులు కూడా ఉంటే ముందు బీపీ చూడాలి. అది ప్రీఎక్లాంప్సియా కావచ్చు. అప్పుడు వెళ్లవలసింది కంటి ఆసుపత్రికి కాదు, ప్రసూతి ఆసుపత్రికి.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం: వైద్య వసతుల నేపథ్యం

మూడు పట్టణాలూ పాత చిత్తూరు జిల్లా పడమటి అంచువి. 2022 ఏప్రిల్ 4 నాటి పునర్విభజనలో మదనపల్లె కొత్తగా ఏర్పడిన అన్నమయ్య జిల్లాలో చేరగా, పుంగనూరు, కుప్పం అప్పుడు చిత్తూరు జిల్లాలోనే ఉన్నాయి.

మదనపల్లెకు ఆరోగ్య సేవల్లో పాత పేరుంది. ఊరి పక్కన ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానిటోరియం మొదలైంది. 1950ల్లో అక్కడి వైద్యులు చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి క్షయ పరీక్షలు, బీసీజీ టీకా అధ్యయనం నడిపారు. జబ్బు లేదనుకుంటున్న మనుషులను వెతికి పరీక్షించడం, ఏళ్ల తరబడి వెంబడించడం అన్న పద్ధతి ఈ నేలకు కొత్త కాదు. మిషనరీల మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి కూడా ఇదే పట్టణంలో ఉంది. ఆ వైపు పల్లెల గర్భిణులు ప్రభుత్వ ఆసుపత్రికి మదనపల్లెకే వస్తారు. పుంగనూరు నుంచి మదనపల్లెకు సుమారు 20 కిలోమీటర్లు. పుంగనూరుకు రైలు లేదు, బస్సు, ఆటోలే ఆధారం.

కుప్పంలో ప్రాంతీయ ఆసుపత్రి ఉంది. 2001లో మొదలైన పీఈఎస్ వైద్య కళాశాల, దాని బోధనాసుపత్రి ఉన్నాయి. ప్రసూతి విభాగం, కంటి విభాగం ఒకే ఆవరణలో ఉండే బోధనాసుపత్రి మధుమేహ గర్భిణికి గొప్ప సౌకర్యం. ఒకే రోజు, ఒకే బస్సు ఖర్చుతో రెండు పరీక్షలూ అయిపోతాయి. మూడు పట్టణాల్లో ఈ విషయంలో కుప్పానిదే మేలైన స్థితి.

రెటీనా నిపుణుడి లేజర్, శస్త్రచికిత్స దాకా వస్తే దారులు చీలతాయి. మదనపల్లె నుంచి తిరుపతి, బెంగళూరు రెండూ 120 కిలోమీటర్ల లెక్కే. తిరుపతిలో రుయా ఆసుపత్రి, ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి, అరవింద్ సంస్థ నడిపే కంటి ఆసుపత్రి ఉన్నాయి. బెంగళూరులో ప్రభుత్వ మింటో కంటి ఆసుపత్రి ఉంది. కుప్పం చెన్నై–బెంగళూరు రైలు మార్గంలో ఉంది. బెంగళూరు సుమారు 100 కిలోమీటర్లు, తిరుపతి 150 కిలోమీటర్ల పైనే. ఇటు కాట్పాడిలో దిగి వేలూరు సీఎంసీకి, దాని షెల్ కంటి ఆసుపత్రికి పోవడం ఇక్కడివారికి తరతరాల అలవాటు.

ఏడో నెల, పుట్టిల్లు, మూడు రాష్ట్రాల కార్డులు

తొలి చూలుకు ఏడో నెలలో సీమంతం చేసి అమ్మాయిని పుట్టింటికి తీసుకుపోవడం ఈ సీమలో గట్టి ఆచారం. వైద్య మార్గదర్శకాలు చెప్పే రెండో రెటీనా పరీక్ష కూడా సరిగ్గా 28వ వారంలో, అంటే ఏడో నెలలోనే. మొదటి ఫొటోలు అత్తగారి ఊరి ఆసుపత్రిలో ఉంటాయి. రెండోవి తీయవలసిన సమయానికి ఆమె వేరే ఊళ్లో ఉంటుంది.

ఇతర జిల్లాల్లో ఆ వేరే ఊరు పక్క మండలమో పక్క జిల్లానో అవుతుంది. కుప్పం వైపు అది తరచూ పక్క రాష్ట్రం. కుప్పం, గుడుపల్లె, శాంతిపురం, రామకుప్పం మండలాలకు ఒక వైపు తమిళనాడు, ఒక వైపు కర్ణాటక. తెలుగు, తమిళం, కన్నడం మాట్లాడే కుటుంబాల మధ్య రాకపోకలు, సంబంధాలు పాతవి. కృష్ణగిరి వైపు పోయిన గర్భిణికి అక్కడ తమిళనాడు గర్భిణుల నమోదుకిచ్చే పిక్మీ నంబరు కావాలి. కోలారు, కేజీఎఫ్ వైపు పోయినామెకు కర్ణాటక తాయి కార్డు ఉంటుంది. మన వైపు మాతా శిశు సంరక్షణ కార్డు, ఆర్‌సీహెచ్ నంబరు. ఒక కార్డులో రాసింది మరో చోట ఎవరూ చూడకపోవచ్చు. ‘షుగరు, ఇన్సులిన్’ అన్న రెండు మాటలు ఎక్కడైనా అర్థమవుతాయి గానీ, ‘కుడి కంట్లో మధ్యస్థ దశ, 28 వారాలకు మళ్లీ చూడాలి’ అన్నది రాసి చేతికివ్వకపోతే దారిలోనే పోతుంది.

దీనికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. మొదటి పరీక్ష ఫలితాన్ని, తర్వాతి పరీక్ష తేదీని కార్డు మీదే అంకెల్లో రాయడం, రెటీనా ఫొటోను ఆమె ఫోనులోనో భర్త ఫోనులోనో పెట్టించడం, సీమంతం తేదీ అడిగి దానికి ముందే రెండో పరీక్ష చేయించడం చాలు. సీమంతం ముహూర్తం ఆశా కార్యకర్తకు ముందే తెలుస్తుంది. ఆమె స్వయంగా పిలుపు అందుకునే మనిషి. 26, 27 వారాల్లో చేసిన పరీక్షకూ 28వ వారంలో చేసిన పరీక్షకూ వైద్యపరంగా చెప్పుకోదగ్గ తేడా ఉండదు. పుట్టింటికి పోయాక జరగని పరీక్షకూ దీనికీ ఉన్న తేడా చాలా పెద్దది.

దూర వైద్యం, కృత్రిమ మేధ

ఫొటో ఒకచోట తీసి, మరోచోట నిపుణుడు చదవడం ఈ పరీక్షకు చక్కగా నప్పే పద్ధతి. దేశంలో గ్రామీణ దూర వైద్యానికి తొలి కేంద్రాల్లో ఒకటి ఈ పాత చిత్తూరు జిల్లాలోనే, తవణంపల్లె మండలం అరగొండలో మొదలైంది. అపోలో ఆసుపత్రుల స్థాపకుడు ప్రతాప్ సి. రెడ్డి స్వగ్రామం అది. 2000 మార్చిలో భారత పర్యటనకు వచ్చిన అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఆ సేవను ప్రారంభించాడు. 2018లో రాష్ట్ర ప్రభుత్వం ముఖ్యమంత్రి ఈ–ఐ కేంద్రాల పేరిట సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో ఫండస్ కెమెరాలు పెట్టి, ఫొటోలను దూరాన ఉన్న కంటి వైద్యులతో చదివించే ఏర్పాటు చేసింది. 2019 అక్టోబరు 10న మొదలైన వైఎస్సార్ కంటి వెలుగు తొలి దశ బడి పిల్లల కోసం. ఆ కార్యక్రమం గురి ప్రధానంగా అద్దాలు, శుక్లాల మీద ఉండేది. 2025లో కుప్పం ప్రాంతీయ ఆసుపత్రిలో టాటా సంస్థ సహకారంతో డిజిటల్ నర్వ్ సెంటర్ మొదలైంది. రోగి వివరాలను ఆసుపత్రుల మధ్య కలిపే ఇలాంటి ఏర్పాటులో గర్భిణుల రెటీనా ఫొటోలు కూడా చేరితే, పై భాగంలో చెప్పిన కార్డుల చిక్కు కనీసం రాష్ట్రం లోపల సడలుతుంది.

ఫొటోను యంత్రమే చదివే పద్ధతిలో కూడా తమిళ, కన్నడ నేలలకు వాటా ఉంది. మదురై అరవింద్ ఆసుపత్రి సహా భారతీయ కంటి ఆసుపత్రుల ఫొటోలతో గూగుల్ పరిశోధకులు చేసిన పని 2016లో వెలువడింది. బెంగళూరు సంస్థలు చేతిలో పట్టే, స్మార్ట్‌ఫోనుతో నడిచే ఫండస్ కెమెరాలు తయారు చేస్తున్నాయి. నెట్‌వర్కు అందని కొండ పల్లెల్లో కూడా పనిచేసే సాఫ్ట్‌వేరు వాటిలో వచ్చింది. ఒక హెచ్చరిక మాత్రం మరవకూడదు. 2018లో అమెరికాలో అనుమతి పొందిన తొలి స్వయంచాలక రెటినోపతి పరికరాన్ని గర్భిణులకు వాడవద్దని దాని అనుమతి పత్రంలోనే ఉంది. గర్భంలో జబ్బు వేగంగా మారుతుంది కాబట్టి ‘ఏడాది తర్వాత రండి’ అనే యంత్రపు తీర్పు వీరికి చెల్లదు. యంత్రం ‘ఉంది’ అంటే వెంటనే పంపాలి. ‘లేదు’ అన్నా 28వ వారంలో మళ్లీ తీయాలి.

కాన్పు తర్వాత

కాన్పుతో ప్రమాదం ముగియదు. గర్భంలో ముదిరిన రెటినోపతి కాన్పు తర్వాత చాలామందిలో కొంత వెనక్కి తగ్గుతుంది, కొందరిలో ఏడాది దాకా ముదురుతూనే ఉంటుంది. గర్భంలో తీవ్ర దశ కనిపించినవారిని కనీసం ఆరు నెలలు కంటి వైద్యుడు గమనించాలని నైస్ అంటుంది. గర్భకాల మధుమేహం ఉన్న స్త్రీకి కాన్పైన ఆరు వారాలకు మళ్లీ గ్లూకోజు పరీక్ష చేయాలి. అప్పుడు మధుమేహం నిలిచిపోయిందని తేలితే, అప్పటి నుంచి ఆమె కూడా ఏటా రెటీనా చూపించుకోవలసిన జాబితాలోకి వస్తుంది.

ఈ దశలో తల్లి మీద నుంచి చూపంతా బిడ్డ మీదికి మళ్లుతుంది. మూడో నెలలోనో ఐదో నెలలోనో బాలింత అత్తవారింటికి తిరిగి వస్తుంది. ఆసుపత్రి మళ్లీ మారుతుంది. తన కోసమని ఆసుపత్రికి పోని తల్లి కూడా బిడ్డ టీకాలు తప్పించదు. 6, 10, 14 వారాల టీకాలకు, తొమ్మిదో నెల తట్టు–రుబెల్లా టీకాకు తప్పకుండా వస్తుంది. ఆరో వారం టీకా రోజున తల్లికి గ్లూకోజు పరీక్ష, 14వ వారం టీకా రోజున గర్భంలో రెటినోపతి కనిపించిన తల్లికి రెటీనా పరీక్ష, తొమ్మిదో నెల టీకా నాటికి మరోసారి చూడడం అన్న క్రమాన్ని ఏఎన్‌ఎం తన రిజిస్టరులో బిడ్డ పేరు పక్కనే రాసుకోవచ్చు.